గుడ్డ కింద రేటు

"...రాసిందేమో నలభై. నోటితో అనేదేమో నలభై. కొన్నోళ్ళు మాత్రం ఒక్కళ్ళూ నలభైకి కొన్నట్టు లేరు. అదెట్టా అన్నా?"

రా, కూర్చో. ఇప్పుడే మొదలైంది, పెద్దగా ఏం పోలేదు. ఆ మాటన్నది గాడిద లచ్చిగాడు. అడిగింది ఎద్దు మైలన్నని. మైలన్న నెమరేస్తా ఆలోచిస్తన్నాడు. ఆయనకి ఏదైనా నమిలితేగానీ అర్థం కాదు. ఇది మాత్రం నమిలినా అర్థమైనట్టు లేదు.

మనుషుల సంత మంగళవారం గదా. వాళ్ళు పేడా, అరటితొక్కలూ వదిలేసి పోయాక, బుధవారం పొద్దున ఆ దిబ్బ మీదే జంతువుల సంత. అక్కడ డబ్బులుండవు. ఉలవలో, తవుడో, జొన్నలో కుంచంతో కొలిచి ఇచ్చిపుచ్చుకోవడమే. లచ్చిగాడు చాకిరేవులో ఎవరూ తీసుకుపోని గుడ్డలు వీపున వేసుకొచ్చి అమ్ముతాడు. పలక మీద సుద్దతో 'గుడ్డ ఒక కుంచం' అని రాసుకుంటాడు. ఆ కుంచానికే ఇస్తాడు. అందుకే వాడి డొక్కలు అట్టా లోపలికి పోయాయని అందరూ నవ్వుతారు.

ఆ ఎండాకాలం సంతలోకి కొత్తగా ఒక రేకుల షెడ్డు వచ్చింది. దాని కింద బ్యాటరీ బళ్ళు. కొండ కింద ఏనుగులు కంపెనీ పెట్టి చేస్తన్నాయంట. పెట్రోలు లేదు, పొగ లేదు, చెర్నాకోల అసలే లేదు. బండి నెత్తిన ఒక నల్ల రేకు ఉంటది. అది ఎండ తాగుతది, బండి నడుస్తది. మూతితో పిడి తోస్తే ముందుకి పోద్ది, లాగితే వెనక్కి పోద్ది, వదిలేస్తే ఆగుద్ది. చప్పుడే ఉండదు. కోళ్ళు మొదట్లో నమ్మలేదు. కింద ఎవరో దూరి మోస్తన్నారని వంగి వంగి చూశాయి.

అమ్మే పని ఏనుగులు నక్క చలమయ్యకి అప్పజెప్పాయి. బోర్డు కూడా వాళ్ళే రాసి పంపారు. బండి నలభై కుంచాల ఉలవలు, అమ్మేవాడి వాటా అందులోనే, ఇంకేమీ ఇవ్వక్కర్లేదు అని. చలమయ్య ఆ బోర్డు పక్కనే కుర్చీ వేసుకుని పొద్దుట్నించీ అరుస్తానే ఉంటాడు.

"బోర్డు రేటే బాబూ. ఒక్క గింజ ఎక్కువ లేదు."

మరి బండి కొన్న మేక కోటమ్మని ఎంతకి కొన్నావని అడిగితే తల తిప్పేసుకుంది. కోళ్ళు నలుగురూ కలిసి ఒక చిన్న బండి కొన్నాయి, వాటిని అడిగితే కొక్కొక్కో అని వేరే మాట ఎత్తుకున్నాయి. ఎవరి మొహం చూసినా తనకొక్కడికే చవగ్గా దొరికిందన్న కళ ఉంది. ఎవరి గాదె చూసినా ఖాళీ. లచ్చిగాడికి బుర్ర తిరిగిపోయింది.

మైలన్న ఆఖరికి నెమరు మింగాడు. అదంతా గుడ్డ కింద బేరంరా అన్నాడు.

గుడ్డ కింద బేరమంటే మైలన్నకి తెలిసినంత ఇంకెవరికీ తెలీదు. మనుషులు ఆయన్ని ఆ దిబ్బ మీదే అమ్మారు, కొన్నారు, మళ్ళీ అమ్మారు. కొనేవాడూ అమ్మేవాడూ చేతుల మీద తుండుగుడ్డ కప్పుకుంటారు. నోరెత్తరు. కింద వేళ్ళు పట్టుకుని నొక్కుతారు. ఎన్ని వేళ్ళు నొక్కితే అంత. ఎంతకి కుదిరిందో పక్కనోడికి తెలీదు, అమ్ముడుపోయే ఎద్దుకి అసలే తెలీదు. కుదిరాక కూడా బయటికి చెప్పకూడదు. చెప్తే మాట పోతది. మనుషుల్ని చూసి జంతువులూ అదే నేర్చుకున్నాయి. వేళ్ళు లేవు గాబట్టి గోళ్ళు. ఒక్కో గోరు ఒక్కో కుంచం.

దానికొక కట్టుబాటు కూడా ఉందని మైలన్న చెప్పాడు. "గుడ్డ ఉన్నంతసేపే గుట్టు. బేరం కుదరకముందే గుడ్డ జారిపోయిందనుకో, నోటితో అన్న మాటే రేటు. మా తాతల నాటి నుంచీ సంతలో అంతే."

"మరి నలుగురిలో బోర్డు రేటే అని అరిచేవాడు గుడ్డ ఎందుకు కప్పడం?" అని లచ్చిగాడు అడిగాడు.

మైలన్న మళ్ళీ నెమరు మొదలుపెట్టాడు.

నవ్వులాటగా ఉంది గానీ, ఆయనకి ఆ బండి సరదాకి కాదు. ఆయనకి జోడు ఎద్దు ఒకడున్నాడు, పుల్లన్న. ఇద్దరూ ఒకే కాడి కింద పెరిగారు. ఎడమ పక్క పుల్లన్న, కుడి పక్క మైలన్న. ఇప్పటికీ మైలన్న ఒక్కడే నడుస్తన్నా ఎడమ పక్క కాస్త చోటు వదిలి నడుస్తాడు. పుల్లన్న మోకాలు వాచిపోయింది. నాలుగడుగులు వేస్తే కూలబడతాడు. దిబ్బ చుట్టూ గడ్డి ఎండి దుమ్మయింది. కొండ మలుపు దాటితే కాలవ గట్టున పచ్చగా ఉందంట. మైలన్న ఒక్కడే పోతే పోగలడు. పోడు.

అందుకని రెండేళ్ళు నోరు కట్టుకుని నలభై కుంచాల ఉలవలు దాచాడు. పక్కన ఇంకో చిన్న మూట ఉంది, అందులో ఎనిమిది కుంచాల తవుడు. అది పుల్లన్నది. ఎండు కడుపున ఒక్కసారిగా పచ్చిగడ్డి పడితే పొట్ట ఉబ్బి పోతాడు గదా. కాలవ గట్టు చేరాక కూడా కొన్నాళ్ళు తవుడు తింటా, గడ్డి కొంచెం కొంచెంగా అలవాటు చేసుకోవాలి. ఆ మూట లేకపోతే బండి ఉండీ లేనట్టే.

లచ్చిగాడు రెండు మూటలూ వీపున వేసుకుని తోడు వచ్చాడు. పుల్లన్న కూడా ఈడ్చుకుంటా వచ్చి షెడ్డు నీడన కూలబడ్డాడు. చలమయ్య వాళ్ళని చూడగానే కుర్చీలోంచి లేచి, మైలన్నని మావా అని పిలిచాడు. ఏ వరసన మావో మైలన్నకి తెలీలేదు. నీళ్ళు తాగుతావా మావా, ఎండన పడి వచ్చారు మావా, పుల్లన్న మావకి కాలెట్టా ఉంది అని ఒకటే ఇదిగా అడిగాడు. అడుగుతా అడుగుతా లచ్చిగాడి చుట్టూ ఒక చుట్టు తిరిగి, రెండు మూటలూ వాసన చూశాడు.

మైలన్న ఉలవల మూట దించి, నలభై ఉన్నాయి కొలుచుకోమన్నాడు.

చలమయ్య కొలవలేదు. నిట్టూర్చాడు. ఆ తర్వాత ఏం చెప్పాడో నేను విన్నట్టే చెప్తా, నాకూ సరిగ్గా ఎక్కలేదు. బండ్లు తక్కువంట, అడిగేవాళ్ళు ఎక్కువంట. షెడ్డులో ఉన్నది ఈ ఒక్కటే, మళ్ళీ లోడు వానలు పడ్డాకే. పోయిన వారమే పందులు వచ్చి చూసి పోయాయి, ఇయ్యాల మధ్యాన్నం మళ్ళీ వస్తామన్నాయి. బండిని ఇన్నాళ్ళు కాపలా కాసినందుకు కొంచెం. వరసలో ముందుకి జరిపినందుకు కొంచెం. గోనె మ్యాటు, సీటు కవరు, నిమ్మకాయల దండ బండితోనే వస్తాయి, వద్దంటే బండే రాదు. ఎర్ర రంగు కావాలంటే ఇంకొంచెం. ఎర్ర రంగు వద్దని మైలన్న అన్నాడు. ఉన్నది ఎర్రదొక్కటేనని చలమయ్య అన్నాడు.

"ఇవన్నీ కలిపి ఎంతయితది?" అని మైలన్న అడిగాడు.

చలమయ్య చుట్టూ చూశాడు. జనం మూగుతన్నారు. గొంతు పెంచి, బోర్డు రేటే మావా, ఒక్క గింజ ఎక్కువ లేదు అని అందరికీ వినపడేట్టు అన్నాడు. అంటానే భుజం మీది తుండుగుడ్డ తీశాడు.

అప్పుడు లచ్చిగాడు మెల్లిగా అడిగాడు. వాడికి వాదించడం రాదు, నిజంగానే తెలీక అడిగాడు. "చలమయ్య బావా, మరి ఆ బోర్డు మీద రాసింది ఎవరికి?"

చలమయ్య వాడి వంక జాలిగా చూశాడు. నువ్వు గుడ్డలు ఎంతకమ్ముతావని అడిగాడు. పలక మీద రాసినంతకే అని లచ్చిగాడు చెప్పాడు. అందుకే నీ డొక్కలు అట్టా ఉన్నాయి, వ్యాపారమంటే ఏందో నేర్చుకో అని, చెవి దగ్గరికొచ్చి గుట్టు చెప్పినట్టు చెప్పాడు.

"బోర్డు మీద రాసింది బోర్డుకి, కొనేవాడికి కాదు."

లచ్చిగాడు ఆ మాటని లోపల రెండు మూడుసార్లు అనుకున్నాడు. అర్థం కాలేదు. కానీ షెడ్డున్నోడు చెప్పాడు గదా, ఏదో ఉండే ఉంటదనుకున్నాడు.

గుడ్డ కప్పారు. మైలన్న కుడికాలు ఎత్తి గుడ్డ కింద పెట్టాడు. చలమయ్య రెండు చేతులూ పెట్టాడు.

ఇక్కడొక చిక్కుంది. ఎద్దు గిట్టకి ఏం తెలుస్తది? ముల్లు గుచ్చుకున్నా సాయంత్రానికిగానీ తెలీదు. చలమయ్య కింద ఎన్ని గోళ్ళు నొక్కుతన్నాడో మైలన్నకి తెలీలేదు. ఒకటి అనిపించింది. కాదు, మూడేమో. గిలిగింత పెడతన్నాడేమో. అడుగుదామంటే గుడ్డ కింద బేరానికి నోరెత్తకూడదు. చలమయ్య కళ్ళతో ఏదో సైగ చేశాడు. తవుడు మూట వైపు చూశాడు, మళ్ళీ మైలన్న వైపు చూశాడు. మైలన్న పుల్లన్న వైపు చూశాడు. పుల్లన్నకి బేరం సంగతే పట్టలేదు, బండి చక్రానికి మోకాలు ఆనించి కళ్ళు మూసుకున్నాడు. చల్లగా ఉన్నట్టుంది.

మైలన్నకి మెడ వంచేద్దామనిపించింది. మెడ వంచితే బేరం కుదిరినట్టే. ఎంతకి కుదిరిందో ఇంటికి పోయాక తెలుస్తది. మెడ కొంచెం వంగింది కూడా.

అప్పుడే మేక కోటమ్మ జనాన్ని తోసుకుంటా వచ్చింది.

కోటమ్మ సంగతి చెప్పాలి. పోయిన బుధవారం ఆమె బండి కొన్నప్పుడు గోనె మ్యాటు, సీటు కవరు, నిమ్మకాయల దండ చలమయ్య అంటగట్టాడు గదా. ఆమె అవి తినడానికిచ్చారనుకుంది. దారిలోనే దండ తినేసింది, ఊరి పొలిమేరకి మ్యాటు అయిపోయింది, సీటు కవరు మర్నాటికి దాచుకుని తిన్నది. బండి ఎట్టా ఉందని అడిగినోళ్ళందరికీ మ్యాటు బాగుందని చెప్పింది. ఇయ్యాల ఇంకో మ్యాటు దొరుకుద్దేమోనని వచ్చింది.

వచ్చి చూస్తే చలమయ్య, మైలన్న ఎదురెదురుగా కదలకుండా నిలబడి ఉన్నారు. మధ్యలో ఒక గుడ్డ వేలాడతంది. ఎవరూ తినడం లేదు. ఎవరూ వద్దనడం లేదు. ఆమె ఒక కొస అందుకుంది.

చలమయ్య చూశాడు. చూసి ఏం చేస్తాడు, చేతులు కింద ఉన్నాయి, తీస్తే బేరం చెడుద్ది. నోరెత్తకూడదని కట్టుబాటు ఆయనక్కూడా ఉంది. కోటమ్మ వంక గుర్రుగా చూశాడు. నమిలేటప్పుడు మేకని ఎట్టా చూస్తే మాత్రం ఏం లాభం? గుడ్డ ఒక పక్క నుంచి తగ్గుతా తగ్గుతా పోయింది. ఆఖరి అంచు నోట్లోకి పోతంటే కోటమ్మ, దీనికి ఉప్పు బాగా పట్టింది అన్నది.

గుడ్డ లేదు. కింద ఏముందో అందరికీ కనపడింది. చలమయ్య రెండు చేతుల గోళ్ళూ విప్పి, ఎనిమిది గోళ్ళూ మైలన్న గిట్ట మీద గుచ్చి పట్టుకుని ఉన్నాడు.

"ఎనిమిది," అన్నది షెడ్డు రేకు మీది కాకి.

"మరి నాకు నాలుగే నొక్కావే," అన్నది కోటమ్మ. ఆమెకి నాలుగు కుంచాలే ఎక్కువ పడ్డాయని ఆమె సంతోషం. కోళ్ళు మాకు ఆరు, మాకు ఆరు అని గోల పెట్టాయి. మీ బండి చిన్నది గదా, మీకెందుకు ఎక్కువని ఒకళ్ళు, రేటు పోను మీ దగ్గర అప్పుడు ఆరే మిగిలాయి గదా అని ఇంకొకళ్ళు. లచ్చిగాడు ఆ మాట విని తవుడు మూట వైపు చూశాడు. ఎనిమిది. కోటమ్మ గాదెలో మిగిలింది నాలుగు, ఆమెకి నాలుగు. కోళ్ళ దగ్గర ఆరు, వాళ్ళకి ఆరు. ఎవరి మూటలో ఎంతుంటే బండి రేటు అంతెట్టా అయిందో వాడికి మళ్ళీ అర్థం కాలేదు.

చలమయ్య గోళ్ళు ముడుచుకున్నాడు. పలకరించానంతే అన్నాడు. మావ గిట్టలో ముల్లుందేమోనని చూశానన్నాడు. అప్పుడు మైలన్న కాలు కింద పెట్టి, నిదానంగా, గుడ్డ పోయింది గదా చలమయ్యా, ఇంక నోటి మాటే గదా అన్నాడు.

చలమయ్య అంత తేలిగ్గా ఒప్పుకునే రకం కాదు. కట్టుబాటులో గుడ్డ జారితేనని ఉంది, తింటేనని లేదు అన్నాడు. దాని మీద సంతంతా రెండుగా చీలింది. గొర్రెలు ముందు తిన్నా జారినట్టే అన్నాయి, పక్కనోళ్ళు కాదంటే తామూ కాదన్నాయి. కాకి మధ్యలో ఏదో అన్నది, అది దేని పక్షమో ఎవరికీ తెలీలేదు. కోటమ్మ కావాలంటే బయటికి తీస్తానన్నది. వద్దన్నారు.

ఆఖరికి బురదగుంటలోంచి ముసలి గేదె సుబ్బాయమ్మ తలెత్తింది. ఆ సంతలో ఆమె మాటకి ఎదురు లేదు, ఎందుకంటే ఎప్పుడోగానీ మాట్లాడదు.

"గుడ్డ ఉందా?" అని అడిగింది.

లేదన్నారు.

"పొద్దుట్నించీ ఏమని అరిచాడు?"

బోర్డు రేటే, ఒక్క గింజ ఎక్కువ లేదు అని సంతంతా ఒక్క గొంతుతో అన్నది. చలమయ్య మాట సంతలో అందరికీ నోటికి వచ్చు మరి. సుబ్బాయమ్మ మళ్ళీ తల గుంటలో పెట్టేసింది.

చలమయ్య నలభై కుంచాలు కొలుచుకున్నాడు. కొలిచేటప్పుడు పందులు చూస్తన్నాయేమోనని ఎవరో వెతికారు. పందులు ఎక్కడా లేవు. మధ్యాన్నం కూడా రాలేదంట. అసలు పోయిన వారం వచ్చాయో లేదో కూడా తెలీదు.

నలుగురూ పట్టి పుల్లన్నని బండి మీదికి ఎక్కించారు. మైలన్న తవుడు మూట వాడి మూతి దగ్గర పెట్టాడు. పిడి ఎటు తోయాలో తెలీక మొదట వెనక్కి పోయి రేకుల షెడ్డు గుంజకి గుద్దాడు. తర్వాత దారిలో పడ్డాడు. తను బండి కుడి పక్కన నడుస్తా, మూతితో పిడి తోస్తా పోయాడు. ఎడమ పక్క పుల్లన్న ఉన్నాడు. బండి మీద ఉన్నాడు, అంతే తేడా.

పోయే ముందు, లచ్చిగాడు వీపు మీద మూటల అచ్చులు నాకి తుడుస్తా మైలన్న ఒక మాట చెప్పాడు. నలుగురిలో చెప్పలేని రేటు రేటు కాదురా, అది ఎదుటోడి మూట బరువు. లచ్చిగాడు సరేనన్నాడు. అది కూడా సగమే ఎక్కింది వాడికి. వాడి బుర్రలో ఇంకా చలమయ్య చెప్పిన వ్యాపారం మాటే తిరగతంది. షెడ్డున్నోడు చెప్పాడు గదా.

తర్వాత బుధవారం చలమయ్య షెడ్డు ముందు కూర్చున్నాడు. వానలకిగానీ రాదన్న లోడు వచ్చేసింది, ఆరు బళ్ళు వరసగా ఉన్నాయి. కానీ గుడ్డ లేదు. గుడ్డ లేకపోతే ఆయనకి బోర్డు పైన ఒక్క గింజ అడిగే దారి లేదు. కొనేవాళ్ళు వచ్చి, బోర్డు చదువుకుని, నలభై ఇస్తాం ఇయ్యి అని నిలబడితే, ఉండండి ఇప్పుడే వస్తానన్నాడు. చివరికి లేచి లచ్చిగాడి దగ్గరికి వచ్చాడు.

లచ్చిగాడు గుడ్డలు పరుచుకుని ఉన్నాడు. పలక మీద ఎప్పటిలాగే 'గుడ్డ ఒక కుంచం' అని ఉంది. అయితే ఆ వారం మేకలన్నిటికీ కోటమ్మ చెప్పింది, ఉప్పు పట్టిన తుండుగుడ్డలు రుచిగా ఉంటాయని. పొద్దున్నే వచ్చి ఎగబడ్డాయి. మిగిలింది ఒక్కటే తుండుగుడ్డ.

చలమయ్య కుంచం జొన్నలు పెట్టి గుడ్డ మీద చెయ్యి వేశాడు. లచ్చిగాడు గుడ్డ మీద గిట్ట పెట్టాడు. సిగ్గుపడతా, తల దించుకుని, ఇంకో నాలుగు కుంచాలు ఇవ్వాలి బావా అన్నాడు. గుడ్డలు తక్కువ, అడిగేవాళ్ళు ఎక్కువ అన్నాడు. పొద్దుట్నించీ కాపలా కాశానన్నాడు. రంగు ఏదైనా పర్లేదు, తెల్లదొక్కటే ఉందన్నాడు. చెప్పినవన్నీ సరిగ్గా చెప్పానా లేదా అని చలమయ్య మొహం వంకే చూశాడు, పాఠం అప్పజెప్పినోడిలాగా. వాడి మొహంలో ఎగతాళి లేదు. ఉంటే చలమయ్యకి అంత మండేది కాదు.

చలమయ్య పలక తీసి వాడి కళ్ళ ముందు పెట్టాడు. ఇదేంది, ఇక్కడ ఒక కుంచమని రాసి లేదా, మరి ఇది ఎవరికి రాశావని గట్టిగా అడిగాడు. సంతలో నలుగురూ తిరిగి చూశారు.

లచ్చిగాడు అయోమయంగా చుట్టూ చూసి, చలమయ్య చెవి దగ్గరికి మూతి పెట్టి, గుట్టు చెప్పినట్టు చెప్పాడు.

"బోర్డు మీద రాసింది బోర్డుకి, కొనేవాడికి కాదు."